సన్నీబ్యాంకులో హోమియో సంవాదము

బ్రిస్బేను నగరమునకు దక్షిణ దిక్కున, బీన్లీకి పోవు రైలుమార్గము మీద నున్న సన్నీబ్యాంకు అను పేటలో మెయిన్స్ రోడ్డు వెంట నడచువానికి, ఒకచోట జి.పి. వైద్యుల క్లినిక్కులును, వేఱొకచోట ఎండిన వేళ్లను బెరడులను జాడీలలో నింపి యమ్ము చైనా మూలికల యంగళ్లును, నడుమ నడుమ మందుల షాపులును కంటబడుచుండును. తైవాను, హాంకాంగు, చైనాల నుండి వచ్చినవారు మిక్కుటముగా నివసించు ఈ పేటలోను, దీని చుట్టుప్రక్కలను, చదువుల కొఱకును ఉద్యోగముల కొఱకును వచ్చి స్థిరపడిన తెలుగువారును కలరు. వారి వెనుక, మనుమలను చూచుకొనుటకై, కొన్ని నెలలపాటు తల్లిదండ్రులు వచ్చి పోవుచుందురు. అట్లు వచ్చినవారి పెట్టెలలో, రక్తపోటు మాత్రల ప్రక్కన, పేరు లేక అంకెలు మాత్రమే వ్రాసియున్న చిన్న సీసాలలో తెల్లని పంచదార గుళికలు తఱచుగా నుండును.

దీనికి కారణము నమ్మకమొక్కటియే కాదు. ప్రభుత్వ వైద్యబీమా యగు మెడికేరు విషయమున భారతదేశమునకును ఆస్ట్రేలియాకును పరస్పరపు టొడంబడిక లేనందున, చూడవచ్చిన పెద్దలు వైద్యుని కడకు పోయినప్పుడెల్ల చేతిసొమ్మునో బీమాసొమ్మునో వెచ్చింపవలసి యుండును. కావున దగ్గునకును, నడుమునొప్పికిని, నిద్రలేమికిని ఆ గుళికలే ముందుగా చేతికి వచ్చును. పిమ్మట మనుమనికి ఒంటిమీద దద్దు లేచినను అవియే చేతికి వచ్చును. ఇంటిలో వివాదము పుట్టునది అప్పుడే. ఆ వివాదమందలి రెండు పక్షములను, గుడివాడలో హోమియో చదివి కృష్ణాజిల్లా పల్లెలలో చిరకాలము వైద్యము చేసిన యొక మామగారి నోటను, బ్రిస్బేనులో ఫార్మసిస్టుగా పనిచేయుచున్న ఆయన కోడలి నోటను ఇచ్చట పలికించుచున్నాను. నేను కోడలి పక్షమువాడను. ఆ సంగతి దాచను. కాని మామగారి వాదమును బలహీనపఱచి చూపి, దానిని గెలిచితినని చెప్పుకొనుట నా కభిమతము గాదు.

మామగారు: అమ్మా, పిల్లవాని మోచేతుల మడతలలోను మోకాళ్ల వెనుకను చర్మము ఎఱ్ఱబారినది. రాత్రులు గోకికొని గోకికొని నిద్రపోక యేడ్చుచున్నాడు. నీవు పూయుచున్న స్టెరాయిడు లేపనమును చూచిన నాకు భయము. చర్మము మీదికి వచ్చిన దోషమును పైపూతతో నణచినచో అది లోనికి పోయి యుబ్బసముగా మాఱునని మా గురువులు బోధించిరి. నేను చూచిన బిడ్డలలోను అట్లు జరిగినది. గ్రాఫైటిస్ నాలుగు గుళికలు వాని నాలుక మీద వేయనిమ్ము. తీపి గనుక సంతోషముతో చప్పరించును. నష్టమేమియు లేదు గదా!

కోడలు: మామయ్యగారూ, ఎగ్జిమా వచ్చిన పిల్లలలో కొందఱికి పెద్దయైన పిదప ఉబ్బసము వచ్చుట నిజమే. మీరు చూచినది అబద్ధము కాదు. కాని లేపనము పూయని పిల్లలలోను అది వచ్చుచున్నది. రెంటికిని మూలమైన అలర్జీ స్వభావ మొక్కటియే యగుటచేత, ఒకటి ముందును రెండవది వెనుకను కనబడుచున్నవి. లేపనమును వైద్యుడు చెప్పినంత, చెప్పినన్ని దినములు పూసి, చర్మమును ఎండిపోనీయక తేమగా నుంచినచో భయపడవలసినది లేదు. ఇక నష్టము లేదన్న మాట యున్నదే, నాకు మీతో గల వివాద మంతయు ఆ మాట మీదనే. దానికి నిదానముగా వత్తము. మీరు ఈ వైద్యమును ఇంతగా ఏల నమ్మితిరో ముందు సెలవిండు.

మామగారు: నమ్మకము నాకు గ్రంథముల నుండి రాలేదు, అరుగుల మీద నుండి వచ్చినది. 1945లో డాక్టరు గురురాజుగారు గుడివాడలో హోమియో కళాశాలను నెలకొల్పిన కాలమున, మన పల్లెలకు ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు వచ్చుట యెంత యరుదో నీ తరము వారికి తెలియదు. బడిపంతులో, పోస్టుమాస్టరో, పింఛను పుచ్చుకొన్న గుమాస్తాయో ఒక పెట్టెడు సీసాలను, మందుల లక్షణములు తెలుపు ఒక మెటీరియా మెడికాను దగ్గఱ నుంచుకొని, సాయంకాలము అరుగు మీద కూర్చుండి, కూలివారికిని వారి బిడ్డలకును పైసా పుచ్చుకొనక మందిచ్చుచుండెను. హైదరాబాదులో సరోజినీ నాయుడుగారి కుమారుడు జయసూర్యగారు విదేశమున వైద్యశాస్త్రము చదివి వచ్చియు ఈ పద్ధతినే చేపట్టిరి; 1967లో స్థాపితమైన రామంతాపూరు కళాశాల ఆయన పేరును, పొట్టి శ్రీరాములుగారి పేరును కలిపి ధరించియున్నది. రాజమహేంద్రవరమందలి ప్రభుత్వ హోమియో కళాశాలకు అల్లు రామలింగయ్యగారి పేరు పెట్టిరి. వెండితెర మీద జనులను నవ్వించిన ఆ నటుడు రోగులకు హోమియో మందులిచ్చినవాడు. విశాఖపట్టణమున ఎక్కిరాల కృష్ణమాచార్యులవారు, విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిన పండితులై యుండియు, బీదలకు ఉచితముగా హోమియో మందులిచ్చు వైద్యశాలలను వెలయించిరి. ఇందఱు పెద్దలు, ఇంత చదువు చదివినవారు, వట్టి పంచదారను పంచిపెట్టి లోకమును మోసగించిరందువా?

కోడలు: మోసగించిరని నే ననను. మోసగింప దలచినవాడు ఉచితముగా మందీయడు. వారి దయను, వారి శ్రమను తలచి నమస్కరించుచున్నాను. అయినను, ఇచ్చినవాని మంచితనము మందునకు గుణమును కలిగింపజాలదు. మీ పద్ధతికి మూలమైన సూత్రమునే తీసికొందము.

మామగారు: సూత్రము సులభమైనది. జర్మనీలో మైసెను పట్టణమున 1755లో పుట్టిన హానెమన్ మహాశయుడు వైద్యుడై, తన కాలపు వైద్యులు రోగుల నెత్తురు తీయుటయు పాదరసము మ్రింగించుటయు చూచి విసిగి, వైద్యము మాని, గ్రంథములను అనువదించుచు జీవించెను. 1790లో కల్లెను వ్రాసిన ఔషధగ్రంథమును అనువదించుచు, సింకోనా బెరడు చలిజ్వరమును ఎట్లు కుదుర్చునో తెలియగోరి, ఆరోగ్యవంతుడైన తానే దానిని సేవింపగా, చలిజ్వర లక్షణములే తన యొడలియందు పొడసూపినవి. ఏ పదార్థము ఆరోగ్యవంతునికి ఏ లక్షణములను కలిగించునో, అది సూక్ష్మమాత్రలో ఆ లక్షణములు గల రోగిని స్వస్థపఱచునని ఆయన గ్రహించెను. 1796లో ఆ యభిప్రాయమును ప్రకటించి, 1810లో ఆర్గనాన్ గ్రంథమును రచించెను. ఉష్ణం ఉష్ణేన శీతలమని మనవారు అనుకొనుచుండిన మాటయే గదా యిది!

కోడలు: మంచిది. ఆ సింకోనా కథకు ముగింపు మన తెలుగునేల మీదనే దొరకినది, మామయ్యగారూ. 1820లో ఆ బెరడు నుండి క్వినైనును ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేఱుచేసిరి. 1880లో లావెరాను చలిజ్వర రోగి నెత్తుటిలో పరాన్నజీవిని కనుగొనెను. 1897 ఆగస్టులో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జీవిని చూచెను. క్వినైను ఆ పరాన్నజీవిని చంపును. అందుచేత జ్వరము పోవును. ఆరోగ్యవంతునికి చలిజ్వరమును కలిగించు శక్తి యుండుటచేత గాదు. హానెమన్‌గారికి ఆ దినమున చేతులు చల్లబడి గుండె దడదడలాడి యుండవచ్చును. మలేరియా మాత్రము రాలేదు. చలిజ్వరమునకు పరాన్నజీవి కారణమని యెవ్వరు నెఱుగని కాలమున ఆయన చేసిన యూహ అది. ఆ కాలమునకు అది చక్కని యూహయే. కాని ఇంటికి పునాది అయిన ఆ యొక్క రాయి తొలగినపుడు పైకట్టడమును మఱల పరీక్షింపవలదా?

మామగారు: ఫలమిచ్చుచున్న చెట్టునకు వేళ్లు తవ్వి చూడనేల? ఫలమును చూడుము.

కోడలు: ఫలమునే చూతము, అయితే దానికి ముందు సీసాలో ఏమున్నదో చూడవలెను. ఏలయన మన యిండ్లలో పలువురు హోమియో యనగా ఆకులతోను వేళ్లతోను చేసిన మందనియే యనుకొనుచు, ఆయుర్వేదముతో కలిపి మాటాడుచుందురు. మూలద్రావణము నుండి ఒక బొట్టు తీసి, 99 బొట్ల నీటిలోనో ఆల్కహాలులోనో కలిపి కుదిపినచో ఒక పొటెన్సీ. ఆ కలిపిన దానిలో నొక బొట్టు తీసి మఱల 99 బొట్లలో కలిపినచో రెండవది. ఇట్లు ముప్పదిమార్లు చేసిన దానిని 30సి యందురు. పండ్రెండవ మారు దాటునప్పటికే మొదటి పదార్థము యొక్క అణువొకటి మిగులుట సందేహము. ముప్పదవ మారునకు, ఒకటి ప్రక్కన అఱువది సున్నలు పెట్టినంత పలుచన యగును. ఈ భూగోళమందున్న పరమాణువు లన్నింటిని లెక్కించినను ఒకటి ప్రక్కన సుమారు ఏబది సున్నలే. అనగా మొదటి పదార్థపు అణువొక్కటి దొరకవలెనన్న భూగోళమంతయు నీరైనను చాలదు. ఆ సంగతి హానెమన్‌కు తెలియునవకాశము లేదు; అణువుల లెక్క నిర్ణయమైనది ఆయన 1843లో పారిసున గతించిన తరువాతనే.

మామగారు: ఈ లెక్క నాకు క్రొత్తది కాదమ్మా; కళాశాలలో మొదటి సంవత్సరముననే విన్నాను. పదార్థము పోవును, దాని ముద్ర నీటియందు మిగులును. కుదుపుటలోనే శక్తి యున్నది.

కోడలు: నీటి యణువులు ఒకదానితో నొకటి పెనవేసికొనియే యుండును, కాని ఆ పెనవేత సెకనులో లక్షకోట్ల వంతు కాలములోనే విడి మఱియొక తీరున కూడికొనుచుండును. ముద్రను నిలుపుకొను స్థిరత్వము దానికి లేదు. నిలుపుకొన్నను, ఆ ద్రవమును పంచదార గుళిక మీద చల్లి ఆఱబెట్టుదురు. నీరావిరియైన పిదప ముద్ర దేనియం దుండును? అదిగాక, ఆ నీరు అంతకు మున్ను రాతిని, మట్టిని, కొళాయి గొట్టమును తాకియున్నది. వానిలో వేటినిగాని స్మరింపక మన మందునొక్కదానినే స్మరించుట యెట్లు?

మామగారు: నీ ప్రశ్నకు నా దగ్గఱ సమాధానము లేకుండవచ్చును. కాని ఆస్పిరిను ఎట్లు పనిచేయునో తెలియకయే వైద్యులు చిరకాలము దానిని వాడలేదా? ఎట్లు అన్నది తరువాత తెలిసికొందురు గాక. పనిచేయునా లేదా అన్నదే ముందు. 1854లో లండను నగరమున కలరా చెలరేగినప్పుడు హోమియో ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 16 మంది మాత్రమే చనిపోయిరి. తక్కిన పెద్ద యాసుపత్రులలో సగము మందికి పైబడి పోయిన చోట్లున్నవి. కలకత్తాలో మహేంద్రలాల్ సర్కారు ఎం.డి. పట్టము పొందిన మహావైద్యుడు, హోమియోకు బద్ధశత్రువు. ఒక హోమియో గ్రంథమును ఖండింపదలచి, ఖండించుటకు ముందు రోగులను కన్నులార చూడవలెనని పోయి, 1867లో వైద్యుల సభలో నిలువబడి తాను హోమియోను అంగీకరించితినని చాటెను. తోడి వైద్యులు వెలివేసిరి. ఉన్న ప్రాక్టీసు పోయినది. అయినను మాట మార్చలేదు. నేను పసిపిల్లలకును, పశువులకును మందిచ్చితిని. అవి నమ్మకము చేత బాగుపడినవందువా?

కోడలు: సర్కారుగారి ధైర్యమునకు నేనును జోహారు చేయుదును. కాని లండను కథను మీరు సగమే చెప్పితిరి. ఆ కాలమున కలరా రోగికి ఒంటిలో నీరింకిపోవుచుండగా నెత్తురు తీసి, పాదరసపు మందులిచ్చెడివారు. హోమియో ఆసుపత్రిలో ఆ హింస లేదు. శుభ్రత యున్నది, పరిచర్య యున్నది. హానెమన్ లోకమునకు చేసిన నిజమైన మేలు అదియే యని నా నమ్మకము: చేయరాని దానిని చేయకుండుట. నేడు మన దగ్గఱ ఓ.ఆర్.ఎస్. పొట్లమున్నది, సెలైను ఉన్నది. ఇప్పుడు ఆ పోలిక నిలువదు. ఇక పసిపిల్లల సంగతి. జలుబు, విరేచనములు, పులిపిరులు తమంతట తామే తగ్గునవి. ఎగ్జిమా, కీళ్లనొప్పులు పెరుగుచు తరుగుచు నుండునవి. మిక్కిలి పెరిగినప్పుడే మనము వైద్యుని వెదకుదుము, ఆ మీద తగ్గుట దాని సహజగతి. పసివానికి నమ్మకము లేకున్నను, వాడు బాగుపడెనో లేదో చెప్పువారము మనమే. నమ్మకము మన కన్నులలో నున్నది. అందుచేతనే సగము మందికి మందును, సగము మందికి వట్టి గుళికలను ఇచ్చి, ఎవరి కేది యిచ్చిరో ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని తెలియకుండ పరీక్షించు పద్ధతి వచ్చినది.

మామగారు: ఆ పరీక్షలును మాకు ప్రతికూలములు కావు. 1997లో లాన్సెట్ పత్రికలో 89 పరీక్షలను కలిపి లెక్కించి, ఇదంతయు వట్టి భ్రాంతి యనుటకు వీలులేదని వ్రాసిరి.

కోడలు: వ్రాసిరి. ఏ యొక్క రోగమునకును ఇది పనిచేయునని చెప్పుటకు చాలినంత యాధారము లేదనియు ఆ వ్యాసముననే వ్రాసిరి. రెండేండ్లకు ఆ బృందమే మఱల పరిశీలించి, పరీక్ష యెంత జాగ్రత్తగా జరిగినచో ఫలితమంత తగ్గుచున్నదని కనుగొన్నది. 2005లో అదే పత్రికలో 110 హోమియో పరీక్షలను, 110 ఇంగ్లీషు మందుల పరీక్షలను ఒకే గీటురాయి మీద పెట్టి చూచిరి. పెద్దవియు లోపములు తక్కువైనవియు అగు పరీక్షలను మాత్రమే ఏఱగా, ఇంగ్లీషు మందుల ఫలితము నిలిచినది, హోమియో ఫలితము వట్టి గుళికల ఫలితమునకు సమీపించినది. ఈ దేశమునందు 2015 మార్చిలో జాతీయ ఆరోగ్య వైద్య పరిశోధనా మండలి 61 రుగ్మతలను గూర్చిన యధ్యయనములను పరిశీలించి, హోమియో పనిచేయునని నమ్మదగిన యాధారముగల రుగ్మత యొక్కటియు లేదని ప్రకటించినది.

మామగారు: ఆ మండలి నివేదికను గూర్చి నేనును విన్నాను. నూటయేబదిమందికి తక్కువగా నున్న పరీక్షలను నమ్మదగినవిగా లెక్కింపలేదట. అంతకు ముందు 2012లో వ్రాయించిన మొదటి నివేదికను దాచియుంచి, 2019లో గాని బయట పెట్టలేదు. పెట్టినప్పుడు ఆ మండలి ముఖ్యకార్యనిర్వహణాధికారిణియే, హోమియో నిష్ఫలమని మేము తేల్చలేదు సుమా యని వ్రాసినది. న్యాయాధిపతి సాక్ష్యమును దాచవచ్చునా?

కోడలు: దాచుట తప్పే, మొదటనే ప్రకటించి యుండవలసినది. మీ యాక్షేపణలో ఆ భాగమును నేను కాదనను. ఆ యధికారిణి మాటకు అర్థము మాత్రము చూడుడు: నిష్ఫలమని నిరూపింపబడలేదు, సఫలమని నమ్మదగిన యాధారమును లేదు. క్రొత్త మందొక్కటి మా షాపునకు వచ్చి, నేను నిష్ఫలమని యెవరును నిరూపింపలేదు గనుక నన్ను అమ్ముడు అన్నచో మేము ఒప్పుకొనము. పనిచేయునని చూపవలసిన భారము మందు తెచ్చినవానిదే. రెండు వందల యేండ్లు గడచినవి, మామయ్యగారూ. మన దేశమునందు 1973 నుండి హోమియోకు చట్టమున్నది, 1978 నుండి కేంద్ర పరిశోధనా మండలి యున్నది, అయిదున్నర సంవత్సరముల బి.హెచ్.ఎం.ఎస్. చదువున్నది. పండితులకు సందేహము తీర్చు పరీక్ష యొక్కటి యింతవఱకు వెలువడి యుండవలదా? సర్కారుగారు 1876లో కలకత్తాలో స్థాపించిన విజ్ఞానసంస్థలోనే గదా తరువాత సి.వి. రామనుగారు పరిశోధన చేసినది. కొలిచి చూడుమనుటయే ఆయన బోధ కూడ.

మామగారు: సరే, కొలతయే ప్రమాణమైనచో నాకొక సందేహము తీర్చుము. ఈ సన్నీబ్యాంకులో, మెయిన్స్ రోడ్డు మీద, చైనా మూలికలిచ్చు వైద్యునికి 2012 నుండి ప్రభుత్వ రిజిస్ట్రేషను కలదు. డాక్టరుకును నర్సుకును ఉన్నట్లే ఆయనకును బోర్డు కలదు. నాకు లేదు. ఆయన కషాయములన్నియు మీ పరీక్షలలో నెగ్గినవా? లేనిచో ఈ పక్షపాత మెందులకు?

కోడలు: ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది, చాలమంది అడుగరు. రిజిస్ట్రేషను మందు గుణమునకు ఇచ్చిన సాక్షిపత్రము కాదు. చైనా వైద్యపు సూదులు గ్రుచ్చుటలోను, ఘాటైన మూలికలను పుచ్చుకొనుటలోను శరీరమునకు నేరుగా ప్రమాదము కలదు గనుక, దానిని చేయువానికి కనీసపు శిక్షణ యుండవలెనని ప్రజలకొఱకు పెట్టిన కట్టుబాటది. ఆయన కషాయములను గూర్చియు ఈ ప్రశ్నలే యడుగవలెను, అడుగుచునే యున్నారు. రిజిస్ట్రేషను లేనివారు క్వీన్స్‌లాండులో నిబంధనలు లేక తిరుగుచున్నారనుకొనకుడు. 2015 అక్టోబరు నుండి వారికి ప్రవర్తనా నియమావళి యొకటి కలదు. క్యాన్సరును కుదిర్చెదనని చెప్పరాదు. రోగిని వైద్యుని కడకు పోవలదని మరలింపరాదు. తప్పిన యెడల హెల్త్ అంబుడ్స్‌మన్ విచారించి నిషేధింపవచ్చును. మీరు గుడివాడలో చదివిన చదువు ఇచ్చట మిమ్ములను రిజిస్టరైన వైద్యునిగా చేయదు; ఆదివారములలో తోటి పెద్దలు వచ్చి మందడిగినపుడు మీరు ఆ నియమావళి క్రిందికే వత్తురు.

మామగారు: నా మందులో ఏమియు లేదని నీవే చెప్పితివి. ఏమియు లేనిదానివలన ప్రమాదమును లేదు. మఱి నియమము లెందులకు?

కోడలు: ఇప్పుడు ఆ మాటకు వచ్చితిమి. ప్రమాదము గుళికలో లేదు, గుళికను నమ్మి గడపిన దినములలో నున్నది. సిడ్నీలో, మన దేశమునుండియే వచ్చి స్థిరపడిన దంపతులకు ఒక ఆడుబిడ్డ యుండెను. తండ్రి హోమియో చదివినవాడు. నాలుగవ నెలలో బిడ్డకు ఎగ్జిమా వచ్చినది. మన పిల్లవానికి వచ్చిన రోగమే. చర్మవైద్యుని కడకు పొమ్మని చెప్పినవారు లేకపోలేదు. తండ్రి తన మందునే నమ్మెను. చర్మము పగిలి, పుండ్లు పడి, ఆ పుండ్లను మాన్పుకొనుటకే ఒంటిలోని బలమంతయు ఖర్చయి, బిడ్డ యెదుగుట మానినది. కన్నులు కూడ చెడినవి. 2002 మే నెలలో, తొమ్మిదవ నెల బిడ్డ, నెత్తురునకు విషమెక్కి చనిపోయినది. 2009లో న్యాయస్థానము తలిదండ్రుల నిద్దఱిని నరహత్యా నేరమున దోషులుగా నిర్ణయించి చెఱకు పంపినది. వారు బిడ్డను ప్రేమింపలేదని నేననుకొనను. రోగము ప్రతిదినము పెరుగుచుండగా, ఈ పొటెన్సీ కాకున్న ఆ పొటెన్సీ, ఈ మందు కాకున్న ఆ మందు అని వెదకుచు నుండిరి. మందు పట్టిన తొలినాళ్లలో రోగము కొంత హెచ్చుననియు మీ శాస్త్రము చెప్పుచున్నది గదా. ఆ మాటను నమ్మినవానికి, హెచ్చుట మంచి శకునమో మృత్యుశకునమో తెలియు ఉపాయమేది?

మామగారు చాలసేపు మాటాడలేదు. చిరకాలము రోగుల నాడి పట్టిన వానికి ఆ బిడ్డ స్థితి కన్నులకు కట్టినది; తాను చూచిన బిడ్డలలో ఎవరెవరి విషయమున అదృష్టము తోడ్పడినదో ఆయన మనసులో లెక్కించుకొనుచుండె నని నేను తలంచుచున్నాను.

మామగారు: ఆ తండ్రి చేసినది మా శాస్త్రమునకును విరుద్ధమే. అట్టి స్థితిలో నేను గుడివాడ నుండి విజయవాడ పెద్దాసుపత్రికి పంపితిని. పంపుటలో ఏనాడును ఆలస్యము చేయలేదు. కాని ఎప్పుడు పంపవలెనో గ్రంథములో చూచి నేర్చుకొనలేదమ్మా. రోగి ముఖము చూచి నేర్చుకొంటిని. ముఖము చూచుట యనగా మీ వైద్యులకు తీఱుబాటేది? ఇచ్చటి డాక్టరు ఇరువది నిమిషములలోపు మాటాడి పంపివేయును. మన యూళ్లలో కార్పొరేటు ఆసుపత్రి సంగతి చెప్పనే యక్కఱలేదు: జలుబునకు యాంటీబయాటిక్కు, ఒళ్లునొప్పులకు స్టెరాయిడు సూది, తలనొప్పికి స్కానింగు. నేను రోగిని గంటసేపు కూర్చుండబెట్టి, నిద్రను గూర్చి, కలలను గూర్చి, అత్తగారితో మాటపట్టింపును గూర్చి, భర్త పోయిన దుఃఖమును గూర్చి అడుగుదును. సగము రోగము అడుగుచుండగనే తగ్గును.

కోడలు: ఈ మాట నేను అక్షరాల నమ్ముచున్నాను. మీ వైద్యములో పనిచేయునది అదియే. సీసాలో నున్నది కాదు, ఆ గంట. యాంటీబయాటిక్కులను గూర్చి మీరన్నదియు సత్యమే. మా షాపులో నేను ప్రతిదినము చెప్పు మాట అది. అయితే ఒకరి తప్పు మఱియొకరి మందునకు ఆధారము కాజాలదు. ఆ గంటను మాకు నేర్పుడు. మీ యోపికయు, పరీక్షలో నిలిచిన మందును ఒకేచోట దొరకు వైద్యము మన రోగులకు కావలెను.

అటుపిమ్మట సంభాషణము చిల్లర సందేహముల మీదికి మరలినది. వానికి కోడలు వెంటవెంటనే బదులు చెప్పినది. కాఫీయు వెల్లుల్లియు మానవలెనా? మాననక్కఱలేదు, విఱిగిపోవుటకు గుళికలో మందుండవలెను గదా. ఇంగ్లీషు మందుతో కలిపి వేసికొనవచ్చునా? 30సి గుళికలైనచో వేసికొనవచ్చును, మధుమేహమునకును రక్తపోటునకును వాడు మాత్రలను ఒక్క పూటయు ఆపనంతవఱకు. మూలద్రావణమును, మిక్కిలి తక్కువ పొటెన్సీలను మాత్రము ఆ లెక్కలో చేర్పరాదు: వానిలో పదార్థ ముండును, అమెరికాలో పండ్లు వచ్చు పసిపిల్లలకమ్మిన హోమియో మాత్రలలో బెల్లడోనా ఒక్కొకదాని యందొక్కొక పాళ్లలో నున్నదని 2017లో అచ్చటి ఔషధశాఖ హెచ్చరించినది. బీమా డబ్బు వచ్చునా? 2019 ఏప్రిలు మొదటి తేదీ నుండి ఆస్ట్రేలియాలో ప్రైవేటు ఆరోగ్యబీమా రాయితీ హోమియోకు తొలగింపబడినది. జి.పి.లు వ్రాయవచ్చునా? వ్రాయరాదనియు, ఫార్మసీలు అమ్మరాదనియు జి.పి.ల రాయల్ కళాశాల 2015లోనే చెప్పినది.

మామగారు: టీకాల సంగతి యేమి? కోరింతదగ్గునకు మాకును నివారక మందు కలదు.

కోడలు: దాని విషయమున ఈ దేశపు ఫెడరల్ కోర్టు 2014 డిసెంబరులోనే తీర్పు చెప్పినది. కోరింతదగ్గు టీకా నమ్మదగినది కాదనియు, దానికి బదులు హోమియో చాలుననియు ప్రకటించిన యొక సంస్థ ప్రజలను తప్పుదారి పట్టించినదని నిర్ణయించి, మఱుసటియేడు సంస్థకును దాని నిర్వాహకురాలికిని కలిపి 1,38,000 డాలర్ల జుల్మానా విధించినది. ఇది నాకు కోర్టు సంగతి మాత్రమే కాదు, మామయ్యగారూ. వదినగారికి రెండు నెలలలో కాన్పు. పుట్టిన బిడ్డకు మొదటి టీకా ఆఱువారములకు గాని వేయరు; అందాక కోరింతదగ్గు పట్టినచో ఊపిరి నిలిచిపోవచ్చును. ఆ దగ్గు పసివారికి ఎక్కువగా సోకునది ఇంటిలోని పెద్దలనుండియే. కనుక పసిబిడ్డను ఎత్తుకొనబోవు తాతలును అమ్మమ్మలును, పది సంవత్సరములలోపల వేయించుకొని యుండనియెడల, ముందుగా ఒక సూది వేయించుకొనుడని ఇచ్చటి వైద్యులు కోరుచుందురు.

మామగారు: నీ వాదమంతటికిని నేను తల యూపజాలను. నీటి స్మృతిని గూర్చి నీవడిగిన దానికి నాకు బదులు తోచలేదు. ఈనాడు తోచనిది రేపు తెలియరాదా యని నా యాశ. నా గుళికలను పాఱవేయను. పిల్లవానిని రేపే డాక్టరుకు చూపుము. ఆ లేపనమును ఆయన చెప్పినట్లే పూయుము, నేనడ్డు రాను. అంకెలు వేసిన సీసాలన్నింటి మీద మందు పేరును పొటెన్సీని వ్రాసి యుంచెదను. ఏ వైద్యుడడిగినను చూపవచ్చును. ఆదివారము వచ్చు పెద్దలు గుండెనొప్పి యన్నను, ఆయాస మన్నను, బిడ్డకు జ్వరమన్నను నేను సీసా మూత తీయను. వారి నెవరికి అప్పగింపవలెనో మాత్రము నాకు తెలియదు. ఈ దేశము నాకు క్రొత్త.

కోడలు: గుండెనొప్పికిని ఆయాసమునకును 000కు ఫోను చేయవలెను, తక్షణమే అంబులెన్సు వచ్చును. అంత తొందర లేని దానికి 13 హెల్త్ అను ప్రభుత్వపు ఫోను కలదు. రాత్రి రెండు గంటలకైనను నర్సు పలికి, ఇంటిలో నుండవచ్చునో ఆసుపత్రికి పోవలెనో చెప్పును. ఇంగ్లీషు రానివారికి దుబాసీని కూడ పిలుతురు. ఈ రెండు అంకెలను మీ సీసాల పెట్టె మూతమీద వ్రాసి అంటించెదను.

మామగారు: అంటింపుము. ఆ సూదిని నేనును మీ అత్తగారును వేయించుకొందుము. ఆ రాత్రి జ్వరము తగిలినచో నేను బెల్లడోనా వేసికొందును, నన్ను ఆపవద్దు.

కోడలు: ఆపను, మామయ్యగారూ. రెండు దినములకును తగ్గకున్న నాకు చెప్పుడు, డాక్టరు దగ్గఱకు పోదము.